పిట్ట కంటె ముందు

బెజవాడలో పుట్టి పెరిగినవాడికి బాణాల సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఊరి పేరులోనే విజయుడు కూర్చుని వున్నాడు. ఇంద్రకీలాద్రి మీద అర్జునుడు తపస్సు చేశాడనీ, అడవిపంది ఒకటి మీదికి రాగా బాణం వేశాడనీ, అదే క్షణాన బోయవాని వేషంలో వున్న శివుడు కూడా వేశాడనీ, పంది నాదంటే నాదని ఇద్దరూ కలియబడ్డారనీ మా నాయనమ్మ కొండవైపు చెయ్యి చూపించి మరీ చెప్పేది. తరవాత నేను తెలుగు ఎం.ఏ. చదివి, ఇరవై యేళ్లుగా కాలేజీలో పాఠాలు చెబుతూ, ఈ కథ యెన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కాని అందులో ఒక్క చిన్న విషయం నా బుర్రకు తట్టనే లేదు. ఆ పంది నిలబడి లేదు. పరుగెత్తుతోంది!

ఇది తట్టడానికి నాకు నలభై ఆరేళ్లూ, ఇరవై అయిదు పెంకులూ కావలసి వచ్చాయి. ఈ వారం ఆ పెంకుల సంగతే చెబుతాను.

మా అమ్మాయి డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. కాలేజీలో ఎన్.సి.సి.లో చేరింది. అక్కడ పాయింట్ టూటూ రైఫిలు చేతికిచ్చి, బోర్లా పడుకోబెట్టి, యెదురుగా కాగితం మీది నల్లచుక్కను కొట్టమన్నారుట. మా పిల్ల అయిదు గుళ్లూ అరటికాయ బజ్జీ అంత చోటులో పెట్టింది. ఇంకేం? ఆ కాగితం మడిచి పర్సులో పెట్టుకుని, వచ్చిన చుట్టాలందరికీ చూపించింది. మా యింటావిడ కూడా పైకి కసురుతూనే, పక్కింటావిడ వస్తే "ఆ కాగితం ఏదే?" అని తనే అడిగేది.

అక్కడితో ఆగితే బాగానే వుండును. ఒకరోజు భోజనాల దగ్గర, "నాన్నా, నేను ట్రాప్ నేర్చుకుంటాను" అన్నది.

"ట్రాప్ అంటే బోను కదుటే?" అన్నాను.

బోనే. నా ప్రశ్న అంత తెలివితక్కువదేమీ కాదని తరవాత తెలిసింది. పూర్వం ఇంగ్లండులో దొరలు నిజం పావురాలను బోనుల్లో పెట్టి, తాడు లాగి మూత తీసి, అవి యెగరగానే కొట్టేవారు. 1900లో పారిస్ ఒలింపిక్ క్రీడలలో సైతం బతికివున్న పావురాలను వందల కొద్దీ అలా కొట్టారు. పావురాలకు బదులు గాజుబంతులు యెగరవేసి కొట్టటం కూడా కొంతకాలం నడిచింది. 1880లో అమెరికాలోని సిన్సినాటి నగరంలో జార్జి లిగౌస్కీ అనే ఆయన మట్టితో చిన్న పళ్లెం చేసి, దాన్ని గిర్రున తిప్పి విసిరే యంత్రం కనిపెట్టాడు. పిల్లలు ఆలిచిప్పలు నీటిమీద విసురుతుంటే చూసి ఆయనకు ఆ ఊహ వచ్చిందంటారు. మా పిల్ల ఈ కథ చెబుతుంటే నాకు నవ్వు వచ్చింది. బందరు కాలువ గట్టున నిలబడి, పగిలిన పెంకు ముక్క వంగి విసిరితే, అది కప్పలా నీటిమీద గెంతుతూ పోవటం చూడని పిల్లవాడు మా రోజుల్లో వున్నాడా? మేము విసిరాము, మళ్లీ ఇంకో పెంకు వెతుక్కున్నాము, యింటికి పోయి దెబ్బలు తిన్నాము. యంత్రం ఊహ మాత్రం మాలో ఒక్కడికీ రాలేదు.

పావురం పోయింది కాని పేరు మిగిలింది. ఇప్పటికీ దాన్ని మట్టి పావురమే అంటారు. నిజానికి అది మట్టీ కాదు. సున్నపురాతి పొడీ, కీలూ కలిపి అచ్చుపోసిన బిళ్ల. పదకొండు సెంటీమీటర్ల అడ్డం, నూట అయిదు గ్రాముల బరువు. మన యింట్లో కాఫీ కప్పు కింద పెట్టుకునే సాసరుకు తమ్ముడనుకోండి. నారింజ రంగు వేసి వుంటుంది.

ఇంట్లో వాదన మూడు వారాలు నడిచింది. ఈ ఆటకు తుపాకి కావాలి, దానికి లైసెన్సు కావాలి, రేంజి హైదరాబాదులో వుంది. ఒక్కొక్క తూటా ఖరీదు మంచి హోటలులో ఇడ్లీ ప్లేటంత. ఒక రౌండుకు ఇరవై అయిదు పెంకులు. ఒక్కొక్క పెంకుకూ రెండేసి తూటాలు వాడవచ్చు. మా వంటింటి స్లాబు మూడేళ్లుగా కారుతోంది. వానాకాలం వస్తే గ్యాసుపొయ్యి పక్కన బకెట్టు పెట్టుకుని మా యింటావిడ వంట చేస్తుంది. "ఈసారి బాగు చేయిస్తాను" అని నేను మాట యిచ్చి, డబ్బు కూడా కూడబెట్టాను. ఆ డబ్బు తూటాలకు పోతుందంటే ఏ ఆడది వూరుకుంటుంది? విలువిద్య నేర్చుకోరాదా, మన వూళ్లోనే వుంది కదా అన్నది. ఆ మాటా సబబే. 2023లో హాంగ్జౌ ఏషియన్ క్రీడలలో మూడు స్వర్ణాలు తెచ్చిన జ్యోతి సురేఖ మన బెజవాడ పిల్లే గదా! కాని మా అమ్మాయి, "అక్కడ గురి నిలబడి వుంటుందమ్మా, ఇది పారిపోతుంది" అన్నది. పారిపోయేదాన్ని కొట్టటంలో ఏం మజా వున్నదో మాకు అర్థం కాలేదు.

చివరికి రాజీ కుదిరింది. వేసవి సెలవుల్లో పది రోజులు హైదరాబాదులో మా బావమరిది యింట్లో వుండి, రేంజికి వెళ్లి, కోచ్‌గారి తుపాకితోనే నేర్చుకోవాలి. ఆ తరవాత చూద్దాం.

పదో రోజున తిరిగి వచ్చింది. బ్యాగు గుమ్మంలో పెట్టి, తిన్నగా పెరట్లోకి పోయి కాళ్లు కడుక్కుంది. ఎక్కువలో ఎక్కువ ఇరవై అయిదుకు ఆరు పెంకులుట. చివరి రోజున రెండు.

"నాకు రాదులే నాన్నా" అన్నది. మా యింటావిడ పైకి తేలకుండా నిట్టూర్చింది. దాచటం యెందుకు, నాకూ హాయిగానే అనిపించింది. మేస్త్రీకి ఫోను చేశాను కూడాను. కాని పిల్ల ఆ కాగితం పర్సులోంచి తీసేసింది. ఎవరైనా అడిగితే పోయిందని చెప్పింది. నాలుగో రోజు రాత్రి డాబా మీద నా పక్కన కూర్చుని, "ఎక్కడ తప్పుతున్నానో తెలిసి మానేస్తే బాధ లేదు నాన్నా. తెలియకుండా మానెయ్యటమే బాధగా వుంది" అన్నది.

ఇరవై యేళ్లుగా పిల్లలకు మార్కులు వేసి, యెక్కడ తప్పారో చెప్పకుండా కాగితాలు కట్టకట్టి పంపేవాణ్ణి నేను. ఆ మాట నాకు గుచ్చుకుంది. మేస్త్రీని ఒక వారం ఆగమన్నాను.

రాత్రి బండిలో ఇద్దరమూ బయలుదేరాము. దారిలో మా అమ్మాయి జాంగ్ షాన్ అనే చైనా అమ్మాయి కథ చెప్పింది. 1992లో బార్సిలోనా ఒలింపిక్స్‌లో స్కీట్ పోటీకి ఆడా మగా తేడా లేదుట. అందరూ కలిసే కొట్టాలి. ఈ అమ్మాయి తొలిదశలో రెండు వందలకు రెండు వందలూ పగలగొట్టి, మగవాళ్లందరినీ దాటి స్వర్ణం తీసుకుంది. దాని ఫలితం ఏమిటో తెలుసునా? 1996లో ఆ పోటీలోకి ఆడవాళ్లను రానివ్వలేదు! వాళ్లకంటూ వేరే పోటీ పెట్టటానికి 2000 సంవత్సరం దాకా పట్టింది. "అంత బాగా కొట్టకపోతే ఏ గొడవా లేకపోను" అని మా పిల్ల పై బెర్తు మీదినుంచి అన్నది. నాలుగు రోజుల తరవాత దాని గొంతులో చురుకు వినడం అదే మొదలు.

రేంజి నగరం శివార్లలో వుంది. నేలలో పొడుగ్గా ఒక కందకం. అందులో మూడేసి చొప్పున పదిహేను యంత్రాలు. వెనక పదిహేను మీటర్ల దూరంలో అయిదు చోట్లు గీసి వుంటాయి. ఆటగాడు తుపాకి భుజానికి ఆనించి, సిద్ధంగా నిలబడి, గట్టిగా అరుస్తాడు. అరిచిన క్షణంలో, యెదుట వున్న మూడు యంత్రాలలో ఏదో ఒకటి పెంకును వదులుతుంది. అది యెడమకు పోవచ్చు, కుడికి పోవచ్చు, తిన్నగా పోవచ్చు; కింద పాకుతున్నట్టు పోవచ్చు, పైకి లేవవచ్చు. ఏది వస్తుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు. గంటకు వంద కిలోమీటర్ల పైచిలుకు వేగం. రెప్ప వేసేలోగా నిర్ణయించాలి. తూటాలో ఒక గుండు కాదు, ఇరవై నాలుగు గ్రాముల సీసపు రవ్వలు, రెండు వందల పైచిలుకు వుంటాయి. "అన్ని రవ్వలుంటే గుడ్డివాడైనా కొట్టడా?" అనుకున్నాను.

కోచ్‌గారు నా వయసువారే. మా అమ్మాయి విషయం చెప్పబోతే, "ముందు మీరు కొట్టండి సార్, తరవాత మాట్లాడుకుందాం" అన్నారు. నేను బిత్తరపోయాను. చెవులకు కప్పులు తగిలించి, కంటికి అద్దాలు పెట్టి, పన్నెండో నంబరు తుపాకి భుజానికి ఆనించి పక్కనే నిలబడ్డారు. మొదటి పెంకు వెళ్లిపోయిన తరవాత నేను పేల్చాను. రెండోది పోయింది. పదోది పోయింది. ఇరవై అయిదు పెంకులూ సుఖంగా పోయి అవతల గడ్డిలో వాలాయి. భుజం మాత్రం వాచింది. వెనక బెంచీ మీద మా అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. పాతిక తూటాలు దండుగ అని లెక్కవేస్తూనే, ఆ నవ్వు చూసి నాకు చవకే అనిపించింది.

అప్పుడు కోచ్‌గారు నా చేత ఒక పరీక్ష చేయించారు. మీరూ చేసి చూడవచ్చు, ఖర్చు లేదు. చెయ్యి చాచి, రెండు కళ్లూ తెరిచి, బొటనవేలితో దూరాన వున్న ఏదో ఒక వస్తువును కప్పండి. ఇప్పుడు యెడమకన్ను మూయండి. వేలు వస్తువు మీదనే వుంటే మీకు కుడికన్ను యజమాని. వేలు పక్కకు జరిగిపోతే యెడమకన్ను యజమాని. నాకు వేలు జరిగిపోయింది. అంటే, నలభై ఆరేళ్లుగా కుడిచేత్తో రాస్తూ, కుడిచేత్తో తింటూ, యెడమకంటి చెప్పుచేతల్లో వున్నానన్నమాట! రెండు కళ్లూ తెరిచి కుడిభుజం మీదనుంచి కొడితే, నా గురి ప్రతిసారీ పెంకు పక్కకే పోతుంది. అలాంటివాళ్లు తుపాకి యెడమభుజానికి మార్చుకోవాలి, లేదా యెడమ అద్దం మీద చిన్న మసక కాగితం అంటించుకోవాలి. ఇంటికి వచ్చిన తరవాత మా వీధిలో అందరి చేతా తులసికోట వైపు వేళ్లు చూపించాను. మా యింటావిడకు కుడికన్నే.

మా అమ్మాయికీ కుడికన్నే. దాని తప్పు వేరు.

కోచ్‌గారు దాన్ని నిలబెట్టి, నన్ను వెనక నిలబడమన్నారు. "పెంకును చూడకండి సార్. అమ్మాయి తుపాకి గొట్టం చూడండి" అన్నారు. చూశాను. పెంకు కుడివైపు పోతోంది, గొట్టం దాని వెంట చక్కగా తిరిగింది, అందుకుంది, అందుకున్న క్షణాన గొట్టం ఆగింది, తుపాకి పేలింది. పెంకు పోతూనే వుంది. రెండోది, మూడోది అంతే. ఆ ఆగటం కంటికి కనిపించీ కనిపించనట్టు వుంటుంది. ఒకసారి కనిపించిందా, ఇక అదే కనిపిస్తుంది.

"ఎన్.సి.సి. రైఫిలు కదమ్మా?" అన్నారాయన. "అక్కడ ఊపిరి బిగబట్టి, కదలకుండా, గొట్టం కొసను చూసి కొడతారు. ఇక్కడ గొట్టాన్ని చూస్తే చెయ్యి ఆగిపోతుంది. పెంకునే చూడు. చెయ్యి దాని పని అది చేసుకుంటుంది. పేల్చిన తరవాత కూడా తిప్పుతూనే వుండు."

అంటే మా పిల్లకు రాకపోవటానికి కారణం, ఆ పర్సులోని కాగితమే! బాగా నేర్చుకున్న విద్యే అడ్డం వచ్చింది.

తరవాత ఆయన నేలమీద పుల్లతో గీసి లెక్క చెప్పారు. అడ్డంగా పోయే పెంకు ఇరవై మీటర్ల దూరంలో వున్నదనుకోండి. రవ్వలు అక్కడికి చేరటానికి సెకనులో పద్దెనిమిదో వంతు పడుతుంది. ఆ కాస్తలోనే పెంకు సుమారు నాలుగడుగులు ముందుకు జరుగుతుంది. కనక పెంకును సరిగ్గా గురి చూసి కొట్టినవాడికి పెంకు దొరకదు. అది వదిలిపోయిన ఖాళీ దొరుకుతుంది. ఈ నాలుగడుగులు అందుకోవటానికి తలా ఒక దారి. కొందరు వెనకనుంచి వచ్చి, పెంకును దాటుతూ దాటుతూ పేలుస్తారు. కొందరు మొదట పెంకును అంటుకుని, ఆ తరవాత ముందుకు లాగుతారు. కొందరు మొదటినుంచీ ముందే వుండి, ఆ యెడం తగ్గకుండా కాపాడుకుంటారు. మూడింటిలో దేనిలోనూ చెయ్యి ఆగటం లేదు. అన్నిటికంటె మాయదారిది, తిన్నగా పోతున్నట్టు కనిపిస్తూ కొద్దిగా పక్కకు వాలేది. తేలికని నమ్మించి తప్పిస్తుంది. పైగా గాలి. యెదురుగాలి పెంకును పైకి లేపుతుంది, వెనకగాలి కిందికి నొక్కుతుంది.

నేను పుల్లగీత వంక చూస్తూ నిలబడిపోయాను. ఈ లెక్క నాకు కొత్తది కాదు. మా పెదతాతయ్యది కైకలూరు. 1950ల నాటికి ఆయన పడుచువాడు; కొల్లేటిలో బాతులను కొట్టేవాడు. నాకు ఊహ తెలిసేసరికి వేట మానేసి చాలా కాలమైంది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చింది. 1999లో కొల్లేరు పక్షుల అభయారణ్యమే అయింది. ఈనాడు ఆటపాకలో గూడబాతులను చూడటానికి జనం కెమెరాలు పట్టుకుని వెడుతున్నారు. అది మంచిదే. మా చిన్నతనంలో ఆ జంట గొట్టాల తుపాకి యెన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసుస్టేషనుకు వెళ్లి, యెన్నికలు కాగానే యింటికి వచ్చేది. ఆయన మాకు ఉండేలుబద్ద యిచ్చి, ఒకణ్ణి పెంకు విసరమని, రెండోవాణ్ణి కొట్టమనేవాడు. ఎప్పుడూ తగిలేది కాదు. "పిట్టని కొట్టకురా సన్నాసీ, పిట్ట పోయే చోటుని కొట్టు" అనేవాడు. పిట్ట లేని చోట కొడితే ఏం వస్తుందని మేము వెనక్కు పోయి నవ్వుకునేవాళ్లం. ముసలాయన వేళాకోళమనుకున్నాను. ఆయన చెప్పింది లెక్క.

నా వృత్తి బుద్ధి పోనిచ్చుకోలేక ఒక్క మాట. మన భాషలో గురి అంటే లక్ష్యమూ, నమ్మకమూ కూడాను. వైద్యుని మీద గురి, గురువు మీద గురి అంటాము. గొట్టం కొసను తనిఖీ చేసుకోకుండా, చెయ్యి ఆపకుండా, ఖాళీ ఆకాశంలోకి పేల్చాలంటే ఆ రెండో అర్థం వున్న గురి కావాలి. మా పిల్లకు చివరి రోజున రెండే పెంకులు పగలటానికి కారణం అదేనేమో. మొదట ఆరు పగిలినప్పటి ధైర్యం కూడా పోయి, ఇంకా యెక్కువ సరిచూసుకున్నది.

ఆ పూట అది పెంకులు లెక్కపెట్టుకోకూడదని కోచ్‌గారు ఆజ్ఞ వేశారు. లెక్క నేను పెట్టాను. మొదటి రౌండులో అయిదు. చెయ్యి ఆగుతూనే వుంది. పాత అలవాటు ఒక పూటలో పోతుందా? రెండో రౌండు సగంలో, యెడమకు పోయే పెంకు ఒకటి వచ్చింది. ఈసారి గొట్టం ఆగలేదు. పెంకు పగలటం కాదు, మసి అయిపోయింది. నారింజ రంగు పొడి గాలిలో ఒక్క క్షణం నిలబడి చెదిరిపోయింది. మా అమ్మాయి తుపాకి దించకుండా ఇంకా తిరుగుతూనే వున్నది. ఆ రౌండులో పదకొండు. సాయంకాలం ఆఖరి రౌండులో పద్నాలుగు.

పద్నాలుగంటే గొప్ప కాదు. హైదరాబాదు ఆటగాడు కైనన్ చెనాయ్ 2016లో రియో ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 2023లో హాంగ్జౌలో విడిగా కాంస్యమూ, పృథ్వీరాజ్ తొండైమాన్, జొరావర్ సింగ్ సంధులతో కలిసి జట్టు స్వర్ణమూ తెచ్చాడు. ఆ ముగ్గురూ కలిసి 375కు 361 పగలగొట్టారు. తగలనివి పద్నాలుగు! మా పిల్లకు తగిలినవీ, వాళ్లకు తగలనివీ ఒకే అంకె. ఈ పోలిక దానికి చెబితే చాలాసేపు నవ్వి, "బికనేరు మహారాజు కర్ణీసింగ్ 1962లో కైరోలో ప్రపంచ పోటీల్లో రజతం తెచ్చారు నాన్నా. మహారాజులకి తూటాల ఖర్చు లేదుగా" అన్నది. నా మనసులో ఏమున్నదో దానికి తెలుసునన్నమాట.

తెల్లవారుఝామున యింటికి చేరాము. మా యింటావిడ కాఫీ యిస్తూ ఏమీ అడగలేదు. పిల్ల బ్యాగులోంచి పగలని పెంకు ఒకటి తీసి బల్లమీద పెట్టింది. గడ్డిలో దొరికిందిట, నేను తప్పించిన పాతికలో ఒకటిట. మా యింటావిడ దాన్ని అటూ యిటూ తిప్పి చూసి, "ఇంతేనా? దీనికోసమా?" అన్నది. తరవాత పెరట్లోకి వెళ్లి, దాన్ని అరటిచెట్టు వైపు విసిరింది. పెంకు గాలిలో తేలుతూ పోయి, గోడ దాటి, పక్కింటి వాళ్ల దొడ్లో పడింది. పగలలేదు. ముగ్గురమూ గోడ మీదినుంచి తొంగి చూశాము.

మధ్యాహ్నం మేస్త్రీ వచ్చాడు. నేను లోపలికి వచ్చి, "ఏమంటావు?" అన్నాను. ఆవిడ బకెట్టు వంక చూసింది. తరవాత స్లాబు వంక చూసింది. "కారే చోట మాత్రం అతుకు వేయించండి. మిగతాది వచ్చే యేడు చూద్దాం" అన్నది. మేస్త్రీ సగం పనికి గొణుగుతూ సిమెంటు కలుపుకున్నాడు.

దసరా సెలవులకు హైదరాబాదు టిక్కెట్లు తీస్తున్నాను. రెండు అని నొక్కబోతుంటే, వెనకనుంచి, "మూడు తీయండి. నాది కుడికన్నేగా" అన్నది.